గుమాస్తా విన్న ఊరు

ఖాజా హుస్సేన్ పుట్టింది కువైట్‌లో, కత్తెర పట్టింది కువైట్‌లో, కట్టుకున్నదాన్ని మట్టిలో పెట్టింది కువైట్‌లో. అరవై తొమ్మిదేళ్లు నిండాక ఆ కువైటే ఆయన్ని పొమ్మంది. తండ్రి కాలం నుంచి పూచీగా నిలిచి ఆదరించిన ముసలి కఫీల్ ఆ ఏడు చనిపోయాడు. అబూ హలీఫా సందులో ఈ దర్జీ దుకాణం తమకెందుకో ఆ కఫీల్ కొడుకులకు అర్థం కాలేదు. "ఖలాస్, హజ్జీ" అన్నాడు పెద్దవాడు, ఇక అయిపోయిందని, మర్యాదగానే. ఇఖామా, అంటే అక్కడ ఉండనిచ్చే కాగితం, మళ్లీ చేయించరు. ఉన్నది పద్దెనిమిది రోజులు. పాస్‌పోర్టు పాకిస్తాన్‌ది కాబట్టి పాకిస్తాన్ వెళ్లాలి. అందులో సొంత ఊరని రాసింది సియాల్కోట్ కాబట్టి సియాల్కోట్ వెళ్లాలి.

ఖాజా హుస్సేన్ ఇంట్లో మాట్లాడే భాష తెలుగు. కడప జిల్లా సిద్ధవటం తెలుగు.

నవ్వొస్తుందా? ఆయనకూ మొదట్లో నవ్వొచ్చేది. తర్వాత రావడం మానేసింది.

పోవడానికి ఆయన పెద్దగా బాధపడలేదు. ఒంటరివాడు, పిల్లలు లేరు, ఎక్కడ ఉన్నా ఒక మంచం, ఒక కుట్టుమిషను. ఆయన గుండెల్లో ముల్లు వేరే ఉంది. సిద్ధవటంలో రజియా బీ అని ఆయనకు ఒక అక్క ఉంది. తండ్రి మొదటి భార్య కూతురు, డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి. ఆమెకు ఒక్క మాట చెప్పాలి. తండ్రి పోతూ పోతూ చేతిలో చెయ్యి వేయించుకుని అప్పగించిన మాట అది. ఉత్తరాలు రాస్తే తిరిగొచ్చాయి. వీసాకు మూడుసార్లు పెట్టుకుంటే మూడుసార్లూ లేదన్నారు. ఫోన్ చేస్తే ఆమె తీయదు. నలభై ఏళ్లు ఇలాగే గడిచాయి. ఇప్పుడు పాకిస్తాన్‌లో కాలు పెట్టాడంటే ఆ ఫోన్ కూడా చేయకూడదు. ఆ దేశం నంబరు నుంచి ఇండియాలో ఉన్న ముసలామెకు ఫోన్ వస్తే ఆమె గడప ముందు ఎవరొచ్చి నిలబడతారో ఆయనకు తెలుసు. అంటే చెప్పాల్సింది ఈ పద్దెనిమిది రోజుల్లోనే.

ఆ మాట ఏమిటో తెలియాలంటే ముందు ఆయన తండ్రి మస్తాన్ సంగతి తెలియాలి.

మస్తాన్ దూదేకులవాడు. కడప దగ్గర గనుల పని చూసే ఒక దొర ఇంట్లో వంటవాడు. ఆ దొరకు కువైట్ చమురు కంపెనీలో ఉద్యోగం దొరికింది. ఈ చేతి వంట తినకపోతే ముద్ద దిగదని వంటవాణ్ణి కూడా వెంట తీసుకుపోయాడు. 1947 మొదట్లో సంగతి. మస్తాన్ భార్య పీరమ్మ అప్పుడు నెల తప్పి ఉంది. రెండేళ్లలో వస్తానని చెప్పి ఓడెక్కాడు. ఆ రోజుల్లో కువైట్ పోవడమంటే పరాయి దేశం పోయినట్టు కాదు. అక్కడ చెల్లేది మన రూపాయి. ఉత్తరానికి అంటించేది మన తపాలా బిళ్లే, దాని మీద కువైట్ అని అచ్చేసేవాళ్లు. అక్కడ పెత్తనం చేసే దొర జవాబు చెప్పుకునేది ఢిల్లీలో ఉన్న పై దొరకు. కడపలో ఒక వీధి నుంచి ఇంకో వీధికి మారినంత ధీమాగా పోయాడు మస్తాన్.

ఆ రెండేళ్లలో దొరలు ఇండియాను అప్పగించి వెళ్లిపోయారు. అప్పగించడమంటే ఎంతో పద్ధతిగా జరిగిందని పుస్తకాల్లో రాసుకుంటారు. అద్దె ఇల్లు ఖాళీ చేసేవాడు కూడా పోయేముందు గదిగదీ తిరిగి ఎవరైనా మిగిలిపోయారేమో చూస్తాడు. వీళ్లకు ఆ మాత్రం తీరిక కూడా లేకపోయింది. కూడబెట్టుకున్న రాజ్యం వదులుకునేవాడికి వంటవాళ్లు గుర్తుంటారా?

1949లో కువైట్ సముద్రం ఒడ్డున ఉన్న దొరల కచేరీ నుంచి కబురొచ్చింది. పాత సర్కారు కాగితాలు ఇక చెల్లవు. అందరూ వచ్చి తమది ఏ దేశమో చెప్పుకుని కొత్త పాస్‌పోర్టు తీసుకోవాలి. మస్తాన్‌కు పాత కాగితమైనా లేదు. ఫలానా వాడు నా వంటవాడు అని దొర రాయించిన కాగితం ఒకటుండేది. అంతకు ముందు ఏడాది ఇంగ్లండుకు తిరిగిపోతూ దొర తన పెట్టెలతో పాటు దాన్నీ పట్టుకుపోయాడు. కాబట్టి మస్తాన్ నోటి మాటే కాగితం.

బల్ల మీద రెండు కుప్పలున్నాయట. ఒకటి హిందుస్తాన్, ఒకటి పాకిస్తాన్. కుప్పల వెనక ఒక పంజాబీ గుమాస్తా. "ఏ ఊరు?" అని ఉర్దూలో అడిగాడు.

మస్తాన్ కొంప మునిగింది ఇక్కడే, అదీ మర్యాదకు పోయి. ఇంట్లో, సంతలో, మసీదులో తన ఊరు సిద్ధవటం. ఆ పేరు దొరలకు నోరు తిరగక సిధౌట్ అనేవాళ్లు, కాగితాల్లోనూ అలాగే రాసుకున్నారు. దొరల కచేరీలో, దొరల కుర్చీల ముందు నిలబడి మొరటుగా సిద్ధవటం అంటే ఏం బాగుంటుంది? దొరలు పలికినట్టే పలకాలి. "సిధౌట్" అన్నాడు, భయానికి సగం మింగేస్తూ.

గుమాస్తా ముఖం వెలిగిపోయింది. "సియాల్కోట్?"

ఆ గుమాస్తాది సియాల్కోట్. రెండేళ్లుగా సొంత ఊరివాడు ఒక్కడు కనబడక మొహం వాచి ఉన్నాడు. మస్తాన్‌కేమో సియాల్కోట్ అనే ఊరు భూమ్మీద ఉన్నదనే తెలియదు. తెలుగువాళ్లు సిద్ధవటం అంటారు, దొరలు సిధౌట్ అంటారు, ఉర్దూవాళ్లు ఇలా అంటారు కాబోలు అనుకున్నాడు. తల ఊపాడు. గుమాస్తా లేచి వచ్చి భుజం తట్టి, కుర్చీ వేసి, చాయ్ తెప్పించాడు. మస్తాన్‌కు వచ్చిన వంకర ఉర్దూ విని కూడా, పాపం, ఎన్నేళ్లు దొరల కొలువులో ఉండి భాష పోగొట్టుకున్నాడో అనుకున్నాడట. లోపలి గదిలో దొర ఇంకో దేశానికి బదిలీ అయి పెట్టెలు సర్దించుకుంటూ, నిలబడే సంతకాలు పెడుతున్నాడు. ఏ కుప్పలోంచి ఏ కాగితం వచ్చిందో తలెత్తి చూడలేదు.

మస్తాన్ బతికినన్నాళ్లూ ఆ చాయ్ సంగతి చెప్పేవాడు. "నా బతుకులో నాకు కుర్చీ ఏసినోడు ఆయప్ప ఒక్కడేరా" అనేవాడు. అని, కళ్లు తుడుచుకునేవాడు.

అసలు సంగతి బొంబాయి రేవులో తెలిసింది, 1951లో, ఇంటికి పోదామని ఓడ దిగినప్పుడు. అధికారి పాస్‌పోర్టు చూసి, పాకిస్తాన్‌వాడివి, పర్మిట్ ఏదన్నాడు. మస్తాన్ లబోదిబోమన్నాడు. సిద్ధవటం కోట చెప్పాడు, పెన్న చెప్పాడు, పెళ్లాం పేరు చెప్పాడు. అధికారి మంచివాడే. పది రోజులు అక్కడే ఆపి కడపకు రాయించాడు. అలాంటి మనిషి ఇక్కడ ఎవరికీ తెలియదని జవాబు వచ్చింది. వచ్చిన ఓడలోనే వెనక్కి పంపేశారు. తర్వాత దొరలను అడిగితే, ఇండియాతో మాకిప్పుడు ఏం సంబంధం అన్నారు. ఇండియా వాళ్లనడిగితే, నువ్వు మావాడివి కాదుగా అన్నారు. పాకిస్తాన్ వాళ్లనడిగితే, మావాడివేగా, ఇబ్బందేముంది అన్నారు. ముగ్గురూ మర్యాదగానే మాట్లాడారు.

కొన్నేళ్లు చూసి మస్తాన్ షహర్‌బాను అనే బలూచీ ఆవిణ్ణి చేసుకున్నాడు. ఖాజా హుస్సేన్ పుట్టాడు. తల్లి భాష తల్లి దగ్గరే ఉండిపోయింది. తండ్రి మాత్రం కొడుకుతో తెలుగు తప్ప ఇంకోటి మాట్లాడలేదు. పోయేనాడు అన్న మాట కూడా తెలుగే. "ఆ బిడ్డకు చెప్పు. నేను పాకిస్తాన్ పోల్యాదని చెప్పు. ఊరు పేరు తప్పు ఇన్నారని చెప్పు."

ఇదీ ఆ మాట.

ఇక ఖాజా హుస్సేన్ బతుకు తమాషా వేరు. కువైట్‌లో ఉన్న సియాల్కోట్‌వాళ్లు ఆయన్ని సొంత ఊరివాడని పెళ్లిళ్లకు పిలిచేవాళ్లు. మీ మొహల్లా ఏది, మీ గల్లీ ఏది అని అడిగేవాళ్లు. చిన్నప్పుడే వచ్చేశాను, గుర్తులేదని నీళ్లు నమిలేవాడు. ఇప్పుడు ఆ ఊరి దర్జీ ఒకడు జాలిపడి, సియాల్కోట్‌లో తన చుట్టాలింటి మిద్దె మీద ఒక గది చూసిపెట్టాడు.

ఆయనకు దొరికిన అసలు సొంత ఊరివాడు గంగాధర. సల్వాలో ఒక కువైటీ ఇంట్లో డ్రైవరు, సిద్ధవటం పక్క పల్లె. ఆరేళ్ల కింద ఆ ఇంటి పిల్లల స్కూలు బట్టలు పొట్టి చేయించడానికి వచ్చాడు. పాకిస్తానీ దర్జీ అనుకుని హిందీలో బేరమాడుతుంటే సూది గుచ్చుకుని, "అబ్బా, దీని పాసుగూల" అన్నాడు దర్జీ. గంగాధర నోరు తెరిచాడు. పాసుగూల అని తిట్టే పాకిస్తానీని అతను ఎన్నడూ చూడలేదు. ఆ రోజు నుంచి శుక్రవారం సెలవు దొరికితే చాలు, దుకాణంలో వాలిపోయేవాడు. ఖాజా హుస్సేన్‌ను మామా అని పిలిచేవాడు. సల్వాలో ఇంటి యజమానురాలినీ మామా అనే పిలవాలి. ఆ మామా తిడుతుంది, ఈ మామ అన్నం పెడతాడు అని నవ్వేవాడు.

ఖాజా హుస్సేన్ తెలుగు వింటే గంగాధరకు ముచ్చట. ఉత్తరాన్ని జాబు అనేవాడు, రైలును పొగబండి అనేవాడు. "మా అవ్వ గూడా ఇప్పుడు రైలనే అంటాది మామా" అనేవాడు గంగాధర.

గంగాధర చెప్పగా, ఊళ్లో ఉన్న అతని తల్లి పోలేరమ్మ పదిహేను రోజుల్లో నాలుగుసార్లు రజియా బీ ఇంటికి తిరిగింది. మొదటిసారి ఆమె వినలేదు. రెండోసారి, పాకిస్తానోని మాట నా ఇంట్లో ఎత్తొద్దంది. మూడోసారి వాకిలి మూసింది. నాలుగోసారి పోలేరమ్మ వాకిట్లోనే కూర్చుని, "ఆదివారం పోతే ఇంక ఆయప్ప మాట పుట్టదు. నీకు బాధ లేకుంటే నాకేమక్కా, నేనూ లేచిపోతా" అందట. కాసేపటికి తలుపు తెరుచుకుంది.

శుక్రవారం నమాజు అయ్యాక షట్టరు సగం దించి ఇద్దరూ కూర్చున్నారు. కత్తిరించే బల్ల మీద గంగాధర ఫోన్ నిలబెట్టాడు. ఖాజా హుస్సేన్ తెల్ల చొక్కా వేసుకుని, గడ్డం దువ్వుకుని వచ్చాడు. చెప్పాల్సింది ఒక్క మాట. వారం నుంచి దాన్ని నోట్లో పెట్టుకుని తిరుగుతున్నాడు.

ఫోన్ కలిసింది. ఫ్యాను కనబడింది, గోడ కనబడింది, తర్వాత ఒక ముసలి చెవి తెర నిండా వచ్చి ఆగింది. రజియా బీ ఫోన్‌ను మామూలుగా చెవికి ఆనించుకుంది. ముఖం చూపించే ఫోన్ అని పోలేరమ్మ పక్కనుంచి చెబుతున్నా ఆమె వినిపించుకోలేదు. అక్కను మొదటిసారి చూద్దామనుకున్న ఖాజా హుస్సేన్‌కు నెరిసిన రెండు వెంట్రుకలు, కమ్మ లేని చెవితూటు కనబడ్డాయి.

"ఎవురు?"

"అక్కా, నేను ఖాజా హుసేన్ను. మస్తాన్ కొడుకును."

"నాకు తమ్ముళ్లు లేరు. పోలేరమ్మ కాళ్లరిగేలా తిరిగిందని పలుకుతాండా. చెప్పేదేదో బిన్నా చెప్పు."

"నాయన పాకిస్తాన్ పోల్యాదక్కా."

"పోకుండానే పాకిస్తానోడయినాడా? నీళ్లు తాకకుండానే తడిసినాడా?"

ఖాజా హుస్సేన్ చెప్పాడు. కచేరీ చెప్పాడు, రెండు కుప్పలు చెప్పాడు, గుమాస్తాను చెప్పాడు. వారం రోజులు కూర్చుకున్న వరస అంతా కలగాపులగమైంది. ముందు చెప్పాల్సింది వెనక చెప్పాడు. మధ్యలో గంగాధర అందుకుని సరిచేయబోతే చేత్తో ఆపాడు.

"ఏమని చెప్పినాడు ఊరి పేరు?" అంది చెవి.

"సిధౌట్ అని."

"సిద్ధవటం అనకుండా?"

"దొరల కచేరి గదక్కా. దొరల మాదిరి పలకల్ల అనుకున్నాడు."

రజియా బీ నవ్వింది. పెద్దగా, ఎండిపోయిన గొంతుతో నవ్వింది. పోలేరమ్మకు ఏం చేయాలో తోచక తనూ కాస్త నవ్వింది.

"ఓర్నీ. మా ఊర్లో కోడిపిల్లను అడిగినా చెప్తాది సిద్ధవటమని. ఈయప్పకు దొర నోరు గావల్సొచ్చిందా? ఒక్క మాట తెలుగులో పలికింటే నేను మా నాయన తొడ మీద కూర్చోనుందును గదరా."

"అవునక్కా."

"అరవై అయిదు యుద్ధమప్పుడు మా యమ్మను వారం వారం టేసన్‌కు పిలిపించినారు. పొద్దన్నుంచి పొద్దుగూకేదాకా ఆడ చెట్టు కింద కూర్చునేది. నాకు కుదిరిన సమ్మందం ఎనక్కి పోయింది. పాకిస్తానోని కూతుర్ని మేం చేసుకోమనిరి. అంతా ఒక మాట పలకల్యాకనా?"

ఆమె గొంతులో కోపం ఉంది కానీ, మొదట్లో ఉన్న కోపం కాదు. ఖాజా హుస్సేన్‌కు ధైర్యం వచ్చింది. వింటోంది, నమ్ముతోంది. తండ్రి చివరి మాట చేరాల్సిన చోటికి చేరింది. ఆయన ప్రాణం తేలికపడి, అడగని సంగతులు కూడా చెప్పడం మొదలుపెట్టాడు.

"నాయన నిన్ను చూడాలని బొంబాయి దాకా వచ్చినాడక్కా."

"ఎప్పుడు?"

"యాభై ఒకటిలో. ఓడ దిగినాడు. ఆడ పట్టుకుంటే, మాది సిద్ధవటం, నా పెళ్లాం పీరమ్మ అని మొత్తుకున్నాడంట. ఆ ఆఫీసరు మన జిల్లాకు జాబు రాయించినాడు, ఈ మనిషి మీవాడేనా అని. పది దినాలు కనిపెట్టుకోని ఉన్నాడు. అట్లాటోడు ఎవురికీ తెలీదని జవాబు వచ్చింది. ఆడ గూడా ఎవురో గుమాస్తా పొరపాటు పడినాడక్కా. నాయన సచ్చేదాకా అదే అనేటోడు. ఇంకో గుమాస్తా ఇంకోసారి తప్పు ఇన్నాడురా, నా రాత అంతేరా అనేటోడు."

చెవి కదల్లేదు.

"లైను పోయిందా?" అన్నాడు ఖాజా హుస్సేన్.

"పోల్యా మామా, ఉండాది" అన్నాడు గంగాధర.

"ఏందక్కా, ఏమైనాది?" అని పోలేరమ్మ గొంతు వినబడింది. ఆ తర్వాత రజియా బీ, చాలా మెల్లగా, "అది పొరపాటు గాదు" అంది.

ఖాజా హుస్సేన్‌కు అర్థం కాలేదు.

"నాకప్పుడు నాలుగేండ్లు. ఇద్దరు పోలీసులు వచ్చినారు. నీ మొగుడు పాకిస్తాన్‌లో సియాల్కోట్ చేరినాడు, బొంబాయిలో దొరికినాడు, నీ మనిషేనా చెప్పు అనిరి. వీధి వీధంతా వచ్చి నిలబడి చూస్తాండారు. మా యమ్మ నన్ను కొంగులో చుట్టుకోని, నన్ను ఇడిసిపెట్టి ఆ దేశం పోయినోడు నాకు మొగుడెట్లయితాడు, ఆ మనిషెవురో నాకు తెలీదు అనింది. కాగితం రాసుకున్నారు. ఏలిముద్ర ఏసింది. ఆ ఏలు కడుక్కోకుండానే నాకు అన్నం కలిపి పెట్టింది. నల్లగుందమ్మా అని నేను ఏడిస్తే, తిను, ఏం గాదు అనింది."

గంగాధర తల వంచుకున్నాడు.

"సచ్చేదాకా గొప్పగా చెప్పుకునేది మా యమ్మ. వాడు నన్ను ఇడిస్తే నేనూ వాణ్ణి ఇడిసినా, వాని మొగాన ఏలిముద్ర గుద్దినా అని. ఇంకేముండె ఆమెకు? ఆ ఒక్క మాట మీదే నన్ను సాకింది. ఇప్పుడు నువ్వొచ్చి, ఆయప్ప ఇంటికే వస్తాండె అంటావు. మనోడే అంటావు. అయితే వాకిలి మూసింది మా యమ్మేనా? దొర గాదు, గుమాస్తా గాదు, మా యమ్మేనా?"

"అట్ల గాదక్కా, ఆమెకేం తెలుసు..."

"తెలీదు. ఆమెకు తెలీకుండానే పోయింది, అదృష్టవంతురాలు. నాకు తెలిసిపోయింది గదా."

ఎంత పని చేశాను అనుకున్నాడు ఖాజా హుస్సేన్. నలభై ఏళ్లు మందు అనుకుని దాచిపెట్టుకుని తెచ్చి, ముసలామె నోట్లో విషం పోశాడు. తండ్రి చెప్పమన్నది ఒక్క మాట. బొంబాయి సంగతి చెప్పమనలేదు. తన నోరు ఆగి ఉంటే ఆమె ఆ ఒక్క మాటతో, దొరలనూ గుమాస్తానూ తిట్టుకుంటూ, హాయిగా పోయేది. ఆయనకు తన మీద తనకే అసహ్యం వేసింది. "నేను చెప్పకుండా ఉండాల్సిందక్కా" అన్నాడు.

చెవి తెర మీద నుంచి తప్పుకుంది. పెట్టేసిందనుకున్నాడు. పెట్టేయలేదు. పోలేరమ్మ చెప్పినట్టు ఫోన్‌ను ముఖం ముందుకు తెచ్చుకుంది. పొరలు కమ్మిన కళ్లు, ఊడిపోయిన పళ్లు. నుదురు మాత్రం అచ్చం మస్తాన్ నుదురే. ఆమె ఫోన్‌ను దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి, చూడాలని చాలా తంటాలు పడింది.

"సరిగ్గా ఆనదు నాకు. తెల్లగా ఏదో అగుపిస్తాది. గడ్డమా?"

"అవునక్కా. ముసిలోణ్ణయినా."

"పిల్లోడివే అనుకుంటి నేను. ఇన్నేండ్లూ మనసులో తిట్టుకున్నప్పుడల్లా పిల్లోణ్ణే తిట్టినా." ఫోన్ ఇంకో చేతికి మార్చుకుంది. "ఆదివారమా పోయేది?"

"ఆదివారం పొద్దున్నే."

"యాడికి?"

ఖాజా హుస్సేన్ నీళ్లు నమిలాడు. కానీ ఆమెకు అబద్ధం చెప్పదలుచుకోలేదు. "సియాల్కోట్‌కు."

"ఆడ ఎవురుండారు?"

"ఎవురూ లేరు. తెలిసినోడొకడు గది చూసిపెట్టినాడు."

"గది ఏందిరా? ఆడ మా నాయనకు పెద్ద మిద్దె ఉండాదని, మిద్దె నిండా పిల్లోళ్లని అంటాండ్య మా యమ్మ. పండగొస్తే చాలు, ఆ ఊరి పేరెత్తి దుమ్మెత్తిపోసేది. పాడుబడిపోనీ ఆ ఊరు, నీళ్లు పుట్టకపోనీ ఆ ఊర్లో అని. ఆమెతో పాటు నేనూ తిట్టినా. ఆమె పోయినాక గూడా తిట్టినా."

"నాయన ఆ ఊరి మొగమే చూడలేదక్కా. ఆ ఊరు ఎట్లుంటాదో ఆయనకూ తెలీదు, నాకూ తెలీదు."

రజియా బీ కొంగుతో కళ్లొత్తుకుంది. మళ్లీ ఫోన్ దగ్గరికి వంగింది.

"అయితే మన ఇంట్లోంచి ఆ ఊరికి మొదుట పోయేది నువ్వేనా, నాయనా?"

ఖాజా హుస్సేన్ బల్ల అంచు పట్టుకుని తల ఊపాడు. ఆయన తల ఊపింది ఆ ముసలి కళ్లకు ఆనలేదు.

"పలకవేందిరా?" అంటోంది రజియా బీ అవతల నుంచి. "తమ్ముడా, పలుకు."